బస్సు ఇంజిన్ గదిలో మంటను పసిగట్టి ఆర్పే వ్యవస్థ: బిగింపు నుంచి నిర్వహణ దాకా

యుద్ధ ట్యాంకులో సిబ్బంది కూర్చునే గదిని శత్రువు గుండు చీల్చుకుని వస్తే, చిట్లిన ఇంధనం తుంపరై సెకనులో చిన్న వంతులోనే అగ్నిగోళమవుతుంది. అందుకే అక్కడ ఆప్టికల్ సెన్సర్లు పెడతారు. అవి కొన్ని మిల్లీసెకన్లలో మంటను గుర్తించాలి, ఆర్పే మందు సుమారు 250 మిల్లీసెకన్లలోపు పని పూర్తి చేయాలి. అదే ట్యాంకు ఇంజిన్ గదిలో అంత వేగం అక్కర్లేదు. వేడికి స్పందించే తీగ, ఒకసారి దానంతటదే పేలే (అంటే మందును చిమ్మే) సిలిండర్, అవసరమైతే డ్రైవర్ చేత్తో నొక్కే రెండో సిలిండర్ చాలు. మన బస్సులకు పనికొచ్చేది ఈ రెండో పద్ధతి.

సైన్యం నుంచి బస్సుకు ఈ దారి వేసింది మన దేశంలో డీఆర్‌డీఓ. ట్యాంకులు, ఓడలు, జలాంతర్గాముల అగ్నిరక్షణపై పనిచేసే ఢిల్లీలోని దాని ప్రయోగశాల సీఎఫ్ఈఈఎస్ 2020 నవంబరులో బస్సుల కోసం తయారుచేసిన వ్యవస్థను ప్రదర్శించింది. ప్రయాణికుల గదికి 80 లీటర్ల నీటి ట్యాంకు, 200 బార్ ఒత్తిడిలో నైట్రోజన్ సిలిండర్, 16 తుంపర నాజిళ్లు. ఇంజిన్‌కు, మంటనార్పే సన్నని పొగను వదిలే ఏరోసాల్ జనరేటర్. ఇంజిన్ గది అగ్నిరక్షణకు మన ప్రమాణం ఏఐఎస్-135. టైప్-3 (దూరప్రాంత) బస్సులు, స్కూలు బస్సుల్లో ప్రయాణికుల గదికీ రక్షణ వ్యవస్థ ఉండాలని కేంద్ర రవాణా శాఖ 2022 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది.

ఈ వ్యాసం ఇంజిన్ గది వరకే. విజయవాడ ఆటోనగర్‌లోనో గుంటూరులోనో బస్సును షెడ్డుకు ఇచ్చి కిట్టు బిగించుకోవాలనుకునే ట్రావెల్స్ యజమానులు, కళాశాలల రవాణా ఇన్‌ఛార్జులు, ఆ పని చేసే ఎలక్ట్రీషియన్లు, మెకానిక్కుల కోసం రాస్తున్నాం.

ముందే ఒక హద్దు గీసుకోండి. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కల్వర్టును ఢీకొని, ఇంధన ట్యాంకు దెబ్బతిని మంటలు లేచాయి. 45 మంది పోయారు. అలాంటి మంటను ఇంజిన్ గదిలో పెట్టిన సిలిండర్ ఆపలేదు. ఎలక్ట్రిక్ బస్సు బ్యాటరీలో మొదలైన మంటనూ ఆపలేదు. అది చేసేది ఒకటే: ఇంజిన్ దగ్గర పుట్టిన మంటను అక్కడే అణచి, బస్సు ఆగి అందరూ దిగేంత సమయం ఇవ్వడం. ఆ సమయం దక్కుతుందా లేదా అన్నది కిట్టు ధర మీద కన్నా, వేడిని పసిగట్టే ట్యూబు ఎక్కడ నుంచి ఎక్కడికి వెళ్లిందన్నదాని మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

1. కడగండి, వెతకండి, కొలవండి

కిట్టు కొనకముందే బస్సు ఇంజిన్‌ను కడిగించండి. నూనె, మట్టి పేరుకున్న ఇంజిన్ మీద ఏ లీకూ కనబడదు. గుంటూరు చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల వైపు, మిర్చి యార్డు వైపు తిరిగే బండ్లలో దూదిపీచు, దుమ్ము రేడియేటర్ మీద, మానిఫోల్డ్ వెనక గూడు కడతాయి. నూనె తగిలిన దూదికి చిన్న నిప్పురవ్వ చాలు. ఇంజిన్ గది గోడలకు అంటించిన శబ్దం తగ్గించే ఫోమ్‌ను చేత్తో నొక్కి చూడండి. నూనె కారితే కడగొద్దు, మార్చేయండి.

కడిగి ఆరిన తర్వాత ఒక కాగితం మీద ఇంజిన్ గది బొమ్మ గీసి, రెండు రకాల చోట్లు గుర్తు పెట్టండి. మండే సరుకు ఉన్నవి: డీజిల్ ఫిల్టర్, ఇంజెక్టర్ల రిటర్న్ పైపు, పవర్ స్టీరింగ్ హోస్, టర్బోకు నూనె తెచ్చే పైపు, ఏసీ కంప్రెసర్ బెల్టు. కూలెంట్‌ను కూడా ఇందులో చేర్చండి. అందులోని గ్లైకాల్ వేడి లోహం మీద నీరు ఆవిరైపోయాక మండుతుంది. రెండోది, అంటించగలిగినవి: టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, సెల్ఫ్ మోటార్‌కు వెళ్లే లావు కేబుల్, ఆల్టర్నేటర్ టెర్మినల్, బ్యాటరీ పెట్టె. పూర్తి లోడు మీద టర్బో పైచుట్టు 500 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి 210 నుంచి 250 డిగ్రీలు చాలు. అంటే మొదటి జాబితాలోది ఏదైనా రెండో జాబితాలోదాని మీద కారే అవకాశం ఉన్న ప్రతి చోటా మీకు నాజిల్ కావాలి, సెన్సర్ ట్యూబు కావాలి.

ఈ దశలోనే వైరింగ్ చూడండి. తర్వాత చేర్చిన రంగు లైట్లు, ఇన్వర్టర్, మ్యూజిక్ సిస్టమ్, ఫోన్ ఛార్జింగ్ పాయింట్లకు ఎక్కడ నుంచి కరెంటు తీశారో వెతకండి. ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి లాగి, ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేసిన జాయింటు కనిపిస్తే అది సరిచేశాకే ముందుకు వెళ్లండి. సెల్ఫ్ కేబుల్ ఛాసిస్ అంచుకు ఎక్కడ రాసుకుంటోందో వేలితో తడిమి చూడాలి. పైపొర నలిగి రాగి కనబడే దాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఆ కేబుల్‌కు చాలా బండ్లలో ఫ్యూజు ఉండదు.

ఇక కొలత. ఇంజిన్ గది పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణించండి. ఇంజిన్ ఆక్రమించిన చోటును తీసేయవద్దు, మొత్తం గది లెక్కే కావాలి. ఉదాహరణకు 2 మీటర్ల వెడల్పు, 1.3 మీటర్ల లోతు, 1.2 మీటర్ల ఎత్తు ఉంటే 3.12 ఘనపు మీటర్లు. ప్రతి కిట్టు ఆమోద పత్రంలో అది ఎన్ని ఘనపు మీటర్ల గదికి సరిపోతుందో రాసి ఉంటుంది. మీ లెక్క ఆ అంకె కన్నా ఎక్కువుంటే పెద్ద కిట్టు తీసుకోవాలి. ‘దగ్గర దగ్గర సరిపోతుంది’ అన్న మాట వినొద్దు. పుణేలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థ ఇచ్చిన ఏఐఎస్-135 పత్రం చూపించని అమ్మకందారుతో మాట్లాడటం అనవసరం.

2. గాలి ఎంత వేడెక్కుతోందో చూడండి

దాదాపు అందరూ వదిలేసే పని ఇదే. వ్యవస్థ ఊరికే పేలిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే దొరుకుతుంది.

సెన్సర్ ఏ ఉష్ణోగ్రతకు స్పందించాలో నిర్ణయించాలంటే, అది వెళ్లే చోట గాలి వేడి తెలియాలి. చేతిలో పట్టుకుని గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ గన్ లోహం పైభాగం వేడి చెబుతుంది, గాలి వేడి చెప్పదు. కాబట్టి వేడిని కొలిచే కె-టైప్ థర్మోకపుల్ తీగలు మూడు నాలుగు, వాటిని చదివే మీటరు తీసుకోండి. టర్బో పైన, మానిఫోల్డ్ పైన, గది కప్పు కింద, ఆల్టర్నేటర్ దగ్గర ఒక్కొక్కటి లోహానికి తగలకుండా గాలిలో వేలాడేలా కట్టండి.

ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో మధ్యాహ్నం, ఏసీ పూర్తిగా వేసి, బస్సులో లోడుతో విజయవాడ నుంచి కాజా టోల్ మీదుగా గుంటూరు వెళ్లి రండి. తిరిగొచ్చి ఇంజిన్ ఆపేశాక మీటరు తీసేయకండి. అసలు చూడాల్సింది అప్పుడే. ఇంజిన్ ఆగగానే ఫ్యాను ఆగుతుంది, కూలెంట్ తిరగడం ఆగుతుంది, లోహంలో నిల్వ ఉన్న వేడంతా గాలిలోకి వస్తుంది. రోడ్డు మీద కన్నా ఆపిన తర్వాతి కొన్ని నిమిషాల్లోనే గది వేడి శిఖరానికి చేరుతుంది. ఇరవై నిమిషాలు, నిమిషానికోసారి రాసుకోండి.

వచ్చిన అత్యధిక అంకెకు కనీసం 30 నుంచి 40 డిగ్రీలు కలిపి, ఆ పైన దొరికే సెన్సర్‌ను ఎంచుకోండి. వేడికి స్పందించే తీగలు సాధారణంగా 68, 88, 105, 138, 180 డిగ్రీల మెట్లలో దొరుకుతాయి. మీ గదిలో 92 డిగ్రీలు వచ్చిందనుకోండి. 105 తీగకు మిగిలేది 13 డిగ్రీలే; వేసవిలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అది ఉత్తినే పనిచేసేస్తుంది. 138 సరైనది. భయంతో 180 వేస్తే మంట ఇంకా పెద్దదయ్యే దాకా తీగకు తెలియదు. చలికాలంలో కొలిచి బిగిస్తే మే నెలలో ఫలితం అనుభవించాల్సి వస్తుంది. చలికాలంలో తప్పనిసరై బిగిస్తే, ఆ రోజు బయటి ఎండకూ మే నెల 45 డిగ్రీలకూ ఉన్న తేడాను మీ అంకెకు కలపండి.

3. ఏ మందు?

పొడి, నీటి తుంపర, ఏరోసాల్: మార్కెట్లో మూడు దొరుకుతాయి.

పొడి మంటను క్షణాల్లో కూల్చేస్తుంది, ధర తక్కువ. కానీ లోహాన్ని చల్లార్చదు. 500 డిగ్రీల టర్బో మీద డీజిల్ ఇంకా కారుతూ ఉంటే పొడి కిందకు రాలగానే మళ్లీ అంటుకుంటుంది. నీటి తుంపరలో నురుగు మందు కలిపి ఉంటుంది. ప్రతి కిలో నీరు ఆవిరవడానికి 2,257 కిలోజౌళ్ల వేడి లాగేసుకుంటుంది, ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాపించి అక్కడి ఆక్సిజన్‌ను పక్కకు నెడుతుంది. మళ్లీ అంటుకోకుండా ఆపడంలో దానికి సాటి లేదు. ఖరీదు ఎక్కువ. టర్బో ఉన్న, వెనక ఇంజిన్ ఉన్న దూరప్రాంత బస్సుకు మా సలహా నీటి తుంపరే. ఏరోసాల్‌లో పొటాషియం లవణాల సూక్ష్మ రేణువులు పొగలా వస్తాయి. ఒత్తిడి సిలిండర్ అక్కర్లేదు, చోటు తక్కువ చాలు. అయితే కింద తెరిచి ఉన్న గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆ పొగను ఊడ్చేస్తుంది. దాన్ని పెడితే ఇంజిన్ ఆగే ఏర్పాటు తప్పనిసరి.

ఎఫ్‌ఎమ్-200 లాంటి మంటనార్పే వాయువులు యుద్ధ ట్యాంకుల మూసిన గదులకు బాగుంటాయి, బస్సు ఇంజిన్‌కు కాదు, తెరిచి ఉన్న గదిలో నిలవవు. పాత హాలన్ సిలిండర్ ఎవరైనా చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి. ఓజోన్ పొరకు హాని చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద వర్ధమాన దేశాల్లోనూ 2010 నాటికి దాన్ని ఆపేశారు.

4. సిలిండర్

ఇంజిన్ గదిలో పెట్టొద్దు. పక్కనున్న లగేజీ డిక్కీలోనో, వెనక చక్రానికి ముందున్న చల్లని అరలోనో పెట్టండి. చాలా సిలిండర్లకు చుట్టూ 60 డిగ్రీలు పరిమితి. సిలిండర్ ఒత్తిడి చూపే మీటరు ముల్లు మనం వంగకుండా, టార్చి వేసుకోకుండా కనబడాలి. డ్రైవర్ రోజూ చూడటానికి కష్టమైన చోట పెడితే అతను చూడడు.

పొడి సిలిండర్‌ను నిలువుగానే నిలబెట్టాలి. అడ్డంగా పడుకోబెడితే లోపలి గొట్టానికి పొడి అందక నైట్రోజన్ ఒక్కటే బయటకు పోతుంది. 15 కిలోల సిలిండర్ గుంతలో పడినప్పుడు బ్రాకెట్‌ను దాని బరువుకు రెండు మూడు రెట్లు లాగుతుంది. కాబట్టి పలుచని రేకుకు స్క్రూలు కొట్టవద్దు. వెనక 3 మిల్లీమీటర్ల మందం పట్టీ పెట్టి, 8.8 గ్రేడు బోల్టులు, నైలాక్ నట్లు వాడండి. ఛాసిస్ బీముకు వెల్డింగ్ చేయవద్దు, కొత్త రంధ్రం వేయవద్దు. ఉన్న రంధ్రాలకే బ్రాకెట్ చేయించండి.

సిలిండర్ మెడ మీద పోతపోసిన పరీక్ష తేదీని ఫోటో తీసి దాచుకోండి. తర్వాత హైడ్రో టెస్టుకు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) ఎప్పుడు ఇవ్వాలో దాన్ని బట్టే తెలుస్తుంది.

5. ట్యూబు దారి

రెండు రకాలున్నాయి. ఒకటి నైట్రోజన్ నింపిన ప్లాస్టిక్ ట్యూబు. మంట తగిలిన చోట కరిగి చిల్లు పడి ఒత్తిడి పడిపోతుంది, దాంతో వాల్వు తెరుచుకుంటుంది. కరెంటు లేకపోయినా పనిచేస్తుంది. రెండోది మెలివేసిన రెండు తీగల కేబుల్. వేడికి మధ్యపొర కరిగి తీగలు కలుస్తాయి, కంట్రోల్ ప్యానెల్‌కు తెలుస్తుంది. బ్యాటరీ కేబుల్ నుంచే మంట మొదలయ్యే అవకాశం ఉన్నప్పుడు కరెంటు మీద ఆధారపడని మొదటి రకం మేలు.

మంట పైకి లేస్తుంది, ఫ్యాను గాలి దాన్ని పక్కకు వంచుతుంది. అందుకే ట్యూబును వేడి వస్తువుకు సరిగ్గా పైన, 200 నుంచి 300 మిల్లీమీటర్ల ఎత్తులో, గాలి వెళ్లే వైపుకు కాస్త జరిపి వేయాలి. గాలి ఎటు వెళుతోందో ఊహించకండి. గది నాలుగు మూలలా పలుచని రిబ్బను ముక్కలు కట్టి, ఇంజిన్ ఐడిలింగ్‌లో పెట్టి, మూత సందులోంచి చూడండి. రేడియేటర్ ఒక పక్కకు ఉన్న వెనక ఇంజిన్ బస్సుల్లో గాలి మీరు అనుకున్నదానికి అడ్డంగా పోతుంది. ఇంజిన్ తిరుగుతుండగా చేతులు, చొక్కా అంచులు బెల్టుల దగ్గరకు పోనివ్వకండి.

ఆ తర్వాత ట్యూబును టర్బో, మానిఫోల్డ్ మీదుగా తీసుకెళ్లి, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్, ఫిల్టర్ పక్కగా తిప్పి, గది కప్పు కింద ఒక చుట్టు వేయండి. బ్యాటరీ పెట్టె విడిగా ఉంటే అక్కడికీ ఒక కొమ్మ వెళ్లాలి. దాన్ని వదిలేసిన బిగింపులు చాలా కనిపిస్తాయి.

ప్లాస్టిక్ కేబుల్ టైలతో గట్టిగా బిగిస్తే ట్యూబు నొక్కుకుపోయి, కొన్ని నెలల్లో అక్కడే నెమ్మదిగా కారుతుంది. రబ్బరు లోపలి పొర ఉన్న పి-క్లిప్పులు, సుమారు 300 మిల్లీమీటర్లకు ఒకటి వాడండి. రేకు గుండా వెళ్లే ప్రతి రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఉండాలి. ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య దాటేచోట కాస్త వదులు ఇవ్వండి. ఇంజిన్ ఊగుతుంది, బాడీ ఊగదు. మెకానిక్ రోజూ చెయ్యిపెట్టే డిప్‌స్టిక్, ఆయిల్ నింపే మూతల దారికి అడ్డం రాకూడదు. వస్తే ఎవరో ఒకరు దాన్ని విప్పి పక్కన కట్టేస్తారు, మళ్లీ బిగించరు.

6. నాజిళ్లు

గాలి వచ్చే వైపు నుంచి, గాలి వెళ్లే వైపుకు గురిపెట్టండి. ఎదురుగాలికి కొడితే మందు వెనక్కి వస్తుంది. టర్బోకు ఒకటి, ఫ్యూయల్ ఫిల్టర్ వైపు ఒకటి, సెల్ఫ్ మోటార్ వైపు ఒకటి తప్పనిసరి. మిగతావి కిట్టు పటం ప్రకారం. పటంలో ఉన్న నాజిళ్ల సంఖ్యను మీరు పెంచకూడదు, తగ్గించకూడదు. రెండు ఎక్కువ పెడితే మేలే కదా అనిపిస్తుంది. ఒత్తిడి పంచుకుపోయి ఏ నాజిల్ దగ్గరా తుంపర సరిగ్గా రాదు.

పైపులు స్టెయిన్‌లెస్ స్టీలు లేదా కిట్టుతో వచ్చిన అల్లిక హోసు మాత్రమే. కోసిన చోట బర్రు (మిగిలిన పదునైన అంచు) గీకేసి, ప్రతి ముక్కనూ కంప్రెసర్ గాలితో ఊదండి. లోపల మిగిలిన లోహపు పొడి మొదటి పేలుడులో నేరుగా నాజిల్ రంధ్రంలో ఇరుక్కుంటుంది. నాజిల్ మూతికి రబ్బరు టోపీ తప్పకుండా పెట్టండి, ఒత్తిడికి అదే ఎగిరిపోతుంది. టోపీ లేని నాజిల్ మట్టి రోడ్ల మీద తిరిగే బండిలో త్వరగా పూడిపోతుంది.

7. కరెంటు పని

ప్యానెల్‌కు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా, దానిదైన ఫ్యూజుతో, మెయిన్ కటాఫ్ స్విచ్‌కు ముందు నుంచి రావాలి. ఇగ్నిషన్ తాళం మీద పెడితే రాత్రి డిపోలో ఆగి ఉన్న బస్సుకు కాపలా ఉండదు. ఆపిన తర్వాత అంటుకునే మంటలే ఎక్కువ ప్రమాదకరం, చూసేవారు ఉండరు. 12 మీటర్ల బస్సులో వెనక నుంచి డ్యాష్ దాకా 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఇంజిన్ గదిలో వెళ్లే భాగానికి ఫైబర్‌గ్లాస్ గొట్టం తొడగండి. ఫ్యూజు విలువ కిట్టు పుస్తకంలో ఉన్నదే.

బజర్, ఎర్ర లైటు డ్రైవర్ తల తిప్పకుండా కనబడే చోట ఉండాలి. చేత్తో నొక్కే బటన్‌కు మూత, సీలు ఉండాలి. కేబుల్ రకం సెన్సర్ చివర చిన్న రెసిస్టర్ వస్తుంది. దాన్ని ప్యానెల్ దగ్గరే కాకుండా తీగ చిట్టచివర పెట్టాలి. దగ్గర్లో పెట్టేస్తే మధ్యలో తీగ తెగినా ప్యానెల్ అంతా బాగుందనే చెబుతుంది.

ఇంజిన్ ఆపే అనుసంధానం విషయంలో జాగ్రత్త. మంట గుర్తించిన మరుక్షణం ఇంజిన్ ఆగిపోతే, కనకదుర్గ వారధి మధ్యలో, వెనక లారీ తరుముతుండగా, స్టీరింగ్ బిగుసుకుపోయిన బస్సు మిగులుతుంది. మొదట అలారం, కొన్ని సెకన్ల వ్యవధి, ఆ వ్యవధిలో డ్రైవర్ పక్కకు తీసుకునే వీలు, ఆ తర్వాత ఇంజిన్, ఫ్యాను, ఏసీ ఆగడం: ఈ వరుస ఉండే ప్యానెల్ తీసుకోండి. ఇంజిన్ ఆగినా తలుపులు తెరుచుకుంటాయా, ఎమర్జెన్సీ వాల్వు పనిచేస్తుందా అన్నది అక్కడే పరీక్షించండి.

8. ఒత్తిడి నింపడం, పరీక్ష

ట్యూబు రకం కిట్టుల్లో ఈ వరుస తప్పితే మొత్తం మందు షెడ్డులోనే పోతుంది. సిలిండర్ వాల్వును మూసి ఉంచేదే ట్యూబులోని ఒత్తిడి. కాబట్టి ముందు ట్యూబుకు విడిగా నైట్రోజన్ నింపండి, ప్రతి జాయింటుకు సబ్బు నురుగు రాయండి, మీటరు అంకె రాసుకుని 24 గంటలు వదలండి. ముల్లు కదలకపోతేనే సిలిండర్ కలిపి, బాల్ వాల్వును మెల్లగా తెరవండి. ఒక్కసారి తిప్పేస్తే ఒత్తిడి తేడాకు ప్రధాన వాల్వు పైకి లేస్తుంది.

సిలిండర్ వాల్వును తెరిచే, కరెంటుతో పేలే ఆక్చువేటర్ ఉంటే దాన్ని విప్పి, ఆ తీగలకు చిన్న 24 వోల్టుల బల్బు తగిలించండి. సెన్సర్ కేబుల్ చివర రెండు తీగలు కలపండి. బజర్ మోగాలి, బల్బు వెలగాలి, వ్యవధి తర్వాత ఇంజిన్ ఆగాలి. చేత్తో నొక్కే బటన్‌తో మళ్లీ ఇదే. ఆక్చువేటర్‌ను మామూలు మల్టీమీటరుతో ఓమ్స్ చూడవద్దు. మీటరు పంపే కరెంటు దాన్ని పేల్చే ప్రమాదముంది.

ఆటోనగర్‌లో ఈ విషయం గోడ మీద రాసి పెట్టాల్సినంత ముఖ్యం: బస్సు మీద వెల్డింగ్ మొదలుపెట్టే ముందు సిలిండర్ పేలకుండా ఆపే సేఫ్టీ పిన్ను పెట్టి, ప్యానెల్ ఫ్యూజు తీసి, ఆక్చువేటర్ కనెక్టర్ విప్పాలి. వెల్డింగ్ కరెంటు వల్ల, ట్యూబు మీద పడ్డ నిప్పురవ్వ వల్ల సిలిండర్లు పేలిపోతాయి. పని అయ్యాక పిన్ను తీయడం మరిచిపోతే అది ఇంకా పెద్ద నష్టం. ఎర్ర రిబ్బను కట్టిన పిన్నును, సిలిండర్ నుంచి తీశాక, స్టీరింగ్‌కు వేలాడదీసే పద్ధతి పెట్టండి. పిన్ను సిలిండర్‌కు ఉన్నంతసేపు స్టీరింగ్ మీద ‘కదపవద్దు’ చీటీ ఉండాలి.

9. డ్రైవర్‌కు నేర్పాల్సినవి

బజర్ మోగగానే: ఎడమ పక్కకు ఆపు, ఇంజిన్ ఆపు, హ్యాండ్ బ్రేక్, తలుపులు తెరువు, అందరినీ దింపు, ఆ తర్వాత బ్యాటరీ కటాఫ్. ఈ వరుసను నెలకోసారి ఖాళీ బస్సుతో చేయించండి, కండక్టరు లేదా అటెండరు కూడా ఉండాలి. ప్రయాణికులను బస్సు ముందువైపుగా, దూరంగా, రోడ్డుకు ఎడమ పక్కన నిలబెట్టాలి.

వెనక మూత తెరిచి చూడాలనే ఆత్రం అందరికీ ఉంటుంది. తెరిస్తే తాజా గాలి లోపలికి వెళ్లి ఆరిన మంట మళ్లీ లేస్తుంది, లోపల మిగిలిన మందు బయటకు పోతుంది. మూత మీద చేయి ఆనలేనంత వేడి ఉన్నంతవరకు తెరవొద్దు. పొగ ఆగకపోతే కిందనుంచో, చిన్న సందులోంచో చేతి ఎక్స్‌టింగ్విషర్ కొట్టాలి. యుద్ధ ట్యాంకుల్లో రెండో సిలిండర్ చేసే పని ఇక్కడ ఇదే. కాబట్టి చేతి ఎక్స్‌టింగ్విషర్ డ్రైవర్ సీటు వెనక గొలుసు కట్టి పడేసి ఉండకూడదు. అరగంట దాకా ఎవరో ఒకరు కాపలా ఉండాలి.

10. నిర్వహణ

మీటరు ముల్లును తెల్లవారుజామున, ఇంజిన్ స్టార్టు చేయకముందు చూడండి. వాయువు వేడికి వ్యాపిస్తుంది: 20 డిగ్రీల దగ్గర 15 బార్ చూపిన సిలిండర్ 50 డిగ్రీల దగ్గర దాదాపు 16.6 చూపుతుంది. అందుకే మే మధ్యాహ్నం పచ్చ గీతలో ఉన్నట్టు కనిపించిన సిలిండర్‌లో నిజానికి కారి తగ్గిపోయి ఉండొచ్చు.

విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ మే 15తో ముగుస్తుంది, జూన్‌లోపు అన్నీ సిద్ధమవ్వాలి. సెలవుల్లో వారాలపాటు కదలని బస్సులో ఎలుకలు చేరి ట్యూబును, వైర్లను కొరుకుతాయి. ఒత్తిడి ట్యూబుకు పన్ను పడిందంటే మందంతా పోయినట్టే. మొదటి రోజు బయలుదేరే ముందు ట్యూబు పొడవునా చేత్తో తడుముతూ చూడటం తప్పదు. మచిలీపట్నం వైపు సముద్రపు గాలిలో తిరిగే బండ్లకు కనెక్టర్లు పచ్చగా చిలుము పడతాయి. మూడు నెలలకోసారి విప్పి శుభ్రం చేయండి.

పొడి సిలిండర్ రోడ్డు అదురుకు లోపల గట్టిపడుతుంది. ఆరు నెలలకోసారి పిన్ను పెట్టి, విప్పి, తలకిందులు చేసి కదపండి. లోపల పొడి జారుతున్న చప్పుడు రావాలి. రాకపోతే కిట్టు వాళ్లకు ఇవ్వండి. నాజిల్ టోపీలు, క్లిప్పులు ప్రతి సర్వీసింగులో చూడాలి. చేతి ఎక్స్‌టింగ్విషర్లకు వాటి నిర్వహణ ప్రమాణమైన ఐఎస్ 2190 ప్రకారం విడి రికార్డు ఉంచండి.

11. పేలిన తర్వాత

మంట నిజంగా వచ్చినా, తప్పుగా పేలినా, ఇంజిన్ స్టార్టు చేయకండి. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి లోపలి వైపు చూడండి. పొడి అక్కడ దాకా చేరి ఉంటే, స్టార్టు చేసిన క్షణం అది ఇంజిన్ సిలిండర్లలోకి వెళ్లి గీతలు పెడుతుంది. ఏబీసీ పొడిలో ఉండే అమోనియం ఫాస్ఫేట్ తేమ తగిలితే ఆమ్లంగా మారి అల్యూమినియాన్ని, కనెక్టర్లను తినేస్తుంది. పొడిగా ఉండగానే గాలితో ఊది, ఆ రోజే కడిగించండి. బైకార్బొనేట్ రకం అంత కఠినం కాదు కానీ కడగకుండా వదిలేది కాదు.

పోయింది ఒక్క చోటే అయినా సెన్సర్ ట్యూబును మొత్తం మార్చాలి, అతుకు వేయకూడదు. పైపులన్నీ ఊది, నాజిల్ టోపీలు కొత్తవి పెట్టాలి. సిలిండర్‌ను ఎక్స్‌టింగ్విషర్ దుకాణంలో నింపించవద్దు. పొడి రకం, రేణువు పరిమాణం, ఒత్తిడి ఆమోద పత్రంలో ఉన్నవే ఉండాలి. కాబట్టి కొనేటప్పుడే అడగండి: రీఫిల్ విజయవాడలో అవుతుందా, ఎన్ని రోజులు పడుతుంది, ఆ రోజుల్లో బదులు సిలిండర్ ఇస్తారా. మూడో ప్రశ్నకు లేదని వస్తే, అదనపు సిలిండర్ ఒకటి కొని గ్యారేజీలో ఉంచండి.